వీసా రొట్టె: దేవుణ్ణి ఏం అడగవచ్చు?

నెల్లూరు బారా షహీద్ దర్గా దగ్గర ఏటా మొహర్రం నెలలో జరిగే రొట్టెల పండుగలో ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె ఉంటుంది. సంతానం రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, సొంతింటి రొట్టె అందరూ ఎరిగినవే. ఆ వరసలోకి వీసా రొట్టె కూడా వచ్చింది. విదేశీయాన రొట్టె అన్నా అదే. కోరిక తీరినవారు రొట్టెలు చేసుకుని వచ్చి, దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువులో దిగి నిలబడతారు. అదే కోరిక ఉన్నవారు ఎదురొచ్చి, అది ఏ రొట్టో అడిగి తెలుసుకుని అందుకుంటారు. తీసుకోవడాన్ని రొట్టె పట్టడం అంటారు, ఇవ్వడాన్ని వదలడం అంటారు. ఈ ఏడాది పట్టినవారు, కోరిక తీరాక వచ్చి వదలాలి. కొంగు తలమీదికి లాక్కుని, నీళ్లలో నిలబడి రెండు చేతులా రొట్టె అందుకునే ఆడవాళ్లలో హిందువులెవరో ముస్లింలెవరో చూసి చెప్పడం కష్టం. అడగాలన్న ఆలోచన కూడా అక్కడ ఎవరికీ రాదు.

యుద్ధంలో ప్రాణాలు వదిలిన పన్నెండు మంది వీరుల సమాధులు ఈ దర్గాలో ఉన్నాయని నమ్మకం. ఆర్కాటు నవాబు భార్యకు ఇక్కడి మహిమ వల్ల జబ్బు నయమైందని, ఆ కృతజ్ఞతతో మొదలైన రొట్టెల పంపకమే పండుగగా మారిందని ఒక కథ చెబుతారు. ఆ కథలో అడిగింది ఆరోగ్యం. రోగం, వాన, సంతానం మనిషి చేతిలో లేనివి గనుక దేవుణ్ణి అడగడం సహజమని అందరూ ఒప్పుకుంటారు. వీసా సంగతి వేరు. అది ఒక దేశపు చట్టం ప్రకారం ఒక అధికారి ఇచ్చే అనుమతి. దాని కోసం దర్గాలో రొట్టె పట్టడం, గుడిలో మొక్కుకోవడం భక్తి కిందికి వస్తాయా? దేవుణ్ణి ఇటువంటిది అడగవచ్చా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయడం సరికాదు. పిల్లలను చూడటానికి అమెరికా వెళ్లాలనుకునే తల్లిదండ్రులు ఆంధ్ర, తెలంగాణ ఊళ్లలో లక్షల ఇళ్లలో ఉన్నారు. వారిలో చాలామందికి పర్యాటక వీసా విహారం కోసం కాదు, మనవణ్ణి ఎత్తుకోవడం కోసం.

మొదటి అభ్యంతరం, ఇది ప్రాపంచికమైన కోరిక అన్నది. దీనికి సంప్రదాయంలోనే సమాధానం ఉంది. భగవద్గీత ఏడో అధ్యాయం భక్తులను నాలుగు రకాలుగా చెబుతుంది: ఆపదలో ఉన్నవాడు, తెలుసుకోగోరేవాడు, ఏదైనా కావాలని వచ్చేవాడు, జ్ఞాని. జ్ఞానిని అందరికంటే పైన నిలిపినా, మిగిలిన ముగ్గురినీ తక్కువ చేయదు, నలుగురూ ఉదారులేనంటుంది. కోరికతో వచ్చినంత మాత్రాన భక్తుడు కాకుండా పోడు. అయితే కోరికతో చేసే పనికి, వేదకర్మలను విచారించే పూర్వమీమాంస దర్శనం ఒక కఠినమైన నియమం పెట్టింది. నిత్యకర్మను శక్తి ఉన్నంతలో చేస్తే చాలు, చిన్న లోపం ఉన్నా దోషం లేదు. ఫలం కోరి చేసే కామ్యకర్మకు మాత్రం అన్ని అంగాలూ పూర్తిగా ఉండాలి, లేకపోతే ఫలం అడిగే అర్హత లేదు. కోరేవాడిమీద బాధ్యత ఎక్కువన్నమాట.

ముస్లిం సమాజంలో చర్చ మరోవైపు నుంచి వస్తుంది. అడగవలసింది అల్లాను ఒక్కడినే, సమాధుల దగ్గర కోరడం తగదని సంస్కరణవాదులు అంటారు. పుణ్యపురుషులను వసీలాగా, అంటే మధ్యవర్తులుగా చేసుకుని అల్లాను అడగడంలో తప్పు లేదని దర్గా సంప్రదాయం అంటుంది. ఈ వాదం శతాబ్దాలది, ఇంకా తేలలేదు. రెండు పక్షాలూ ఒప్పుకునే మాట ఒకటుంది: దేవుణ్ణి నమ్మడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. ఒంటెను కట్టేసి ఆ తర్వాత దేవుడి మీద భారం వేయమని ప్రవక్త చెప్పినట్టు తిర్మిజీ హదీసు సంకలనంలో ఉంది.

రెండో అభ్యంతరం బరువైనది. వీసా ఇచ్చేది మనిషి గనుక, ఆ మనిషి మనసు మార్చమని దేవుణ్ణి కోరడం న్యాయాన్ని వంచమనడం కాదా? వీసా ఇంటర్వ్యూలో ఏం జరుగుతుందో తెలిస్తే గాని దీనికి జవాబు దొరకదు. అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం, పర్యాటక వీసా అడిగే ప్రతి వ్యక్తినీ అక్కడే స్థిరపడటానికి వస్తున్నాడనే ముందుగా భావించాలి. కాదని రుజువు చేసుకునే భారం దరఖాస్తుదారుడిదే. స్వదేశంలో వదులుకోదలచని నివాసం ఉందని అతడు చూపించాలి. డీఎస్-160 ఫారం నింపి, 2023 జూన్ నుంచి ఉన్న లెక్కన 185 డాలర్ల రుసుము కట్టి, వేలిముద్రలిచ్చి, కిటికీ ముందు నిలబడ్డాక ఇంటర్వ్యూ సాధారణంగా కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. ఈ సెక్షన్ కింద తిరస్కరిస్తే అప్పీలు లేదు. మళ్లీ డబ్బు కట్టి మళ్లీ అడగవచ్చు. ఐరోపాలోని షెంజెన్ దేశాల వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. అక్కడ తిరస్కరణకు కారణం రాసి ఇస్తారు, అప్పీలుకు హక్కు ఉంటుంది.

నెల్లూరు తీరంలో వరి పండించే రైతుకు, రొయ్యల చెరువు నడిపేవారికి ఈ రుజువు ఒక పెద్ద పరీక్ష. నెలజీతం ఉన్నవారు జీతం చీటీ, సెలవు పత్రం చూపిస్తారు. ఒక పంటకు లాభం, మరో పంటకు తెల్లమచ్చ రోగం వచ్చి నష్టం చూసే రొయ్యల రైతు ఆదాయం కాగితం మీద నిలకడగా కనిపించదు. ఊళ్లో అతడి వేళ్లు ఎంత లోతుగా ఉన్నా, అవి కిటికీ అవతలి అధికారికి కొద్ది నిమిషాల్లో కనిపించాలి. ఇక్కడే ప్రార్థనకు చోటు ఏర్పడుతుంది. తన మాట నిజమైనప్పుడు ఆ నిజం అవతలివారికి తెలియాలని కోరుకోవడం న్యాయాన్ని వంచమనడం కాదు, న్యాయం జరగమని అడగడం. పైగా ఈ కోరిక ఇంకొకరి నోటి ముద్ద లాక్కునేది కూడా కాదు. హెచ్-1బి ఉద్యోగ వీసాలకు ఏటా 85 వేల పరిమితి ఉంది, లాటరీలో ఒకరికి తగిలితే మరొకరికి తప్పుతుంది. అమెరికా పర్యాటక వీసాకు అటువంటి సంఖ్యా పరిమితి లేదు.

పరదేశిని అసలు ఆపవచ్చా అన్న ప్రశ్న కూడా ఉంది. జర్మన్ తత్త్వవేత్త ఇమాన్యుయేల్ కాంట్ 1795లో శాశ్వత శాంతి మీద రాసిన గ్రంథంలో, భూమి గుండ్రం కనుక మనుషులు ఎటు పోయినా ఒకరికొకరు ఎదురుపడక తప్పదని, అందుచేత శత్రుత్వం లేకుండా వచ్చిన పరదేశిని శత్రువుగా చూడకుండా ఉండాల్సిన ధర్మం ప్రతి దేశానికీ ఉందని వాదించాడు. అయితే ఆయన ఒప్పుకున్నది వచ్చి చూసే హక్కు మాత్రమే. ఉండిపోయే హక్కుకు వేరే ఒప్పందం కావాలన్నాడు. నేటి పర్యాటక వీసా ఈ గీత మీదే నిలబడి ఉంది. తైత్తిరీయోపనిషత్తు అతిథిని దేవుడిగా చూడమంది. కానీ ఆ ధర్మం ఇంటివాడికి చెప్పినది, అతిథి దాన్ని తన హక్కుగా చూపి వాదించలేడు. భారతదేశం కూడా చాలా దేశాల పర్యాటకుల నుంచి వీసా అడుగుతుంది.

నెల్లూరు తీరానికి పరదేశం కొత్త కాదు. 1786లో నెల్లూరు దగ్గర పొలం దున్నుతున్న రైతుకు పాడుబడ్డ చిన్న గుడి అడుగున రోమన్ నాణేలున్న కుండ దొరికింది. ఇదే తీరంలో ఇంకా ఉత్తరాన, ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో, కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించాడు. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు బలవంతంగా లాక్కునేవారు. తాను ఆ పని చేయనని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటానని ఆయన సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. పరదేశిని ధర్మంగా చూడటమంటే ఏమిటో తెలుగు నేల మీద ఇంత స్పష్టంగా చెప్పిన పత్రం మరొకటి అరుదు. మరోవైపు, బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పాతకాల్లో చేర్చింది. 1888లో లండన్ బయలుదేరిన గాంధీని ఆయన కులపెద్దలు వెలివేశారు. సముద్రం దాటడమే పాపమైన చోటు నుంచి, దాటనివ్వమని దేవుణ్ణి వేడుకునే చోటికి సమాజం వచ్చింది. ఇది దిగజారడం అనుకోవడానికి కారణమేమీ లేదు.

అలా వేడుకునే చోటు నెల్లూరు ఒక్కటే కాదు. హైదరాబాద్ శివార్లలో గండిపేట చెరువు దగ్గరి చిలుకూరు బాలాజీని వీసా బాలాజీ అని పిలుస్తారు. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. లెక్క తప్పకుండా చేతిలోని అట్టమీద గళ్లలో పెన్నుతో గీతలు పెట్టుకుంటూ తిరుగుతారు. ఆ గుడిలో హుండీ లేదు. నెల్లూరు దర్గాలోనూ, చిలుకూరులోనూ కోరిక కంటే ముఖ్యమైనది ఆ తర్వాతి మాట. పొందినవాడు తిరిగి రావాలి. నెల్లూరులో ఇంకొక మెట్టు ఎక్కువ: తిరిగి వచ్చి, ముక్కూమొహం తెలియని మరొకరికి రొట్టె అందించాలి. దేవుడికి చెల్లించే బాకీ ఇక్కడ మనిషికి చెల్లుతుంది. వీసా కోరికను భక్తిగా నిలబెట్టేది ఈ నియమమే.

వీసా చట్టం అడిగేదీ తిరిగి వస్తావా అనే. రొట్టె పట్టినవాడు చెరువుకు ఇచ్చిన మాట, కిటికీ దగ్గర అధికారికి ఇచ్చిన మాట ఒకటే కావాలి. అప్పు తెచ్చిన డబ్బును నాలుగు రోజులు ఖాతాలో చూపించడం, లేని ఉద్యోగానికి పత్రం పుట్టించడం, పర్యాటకుడిగా వెళ్లి పనికి కుదరాలని ముందే అనుకోవడం ఈ మాటను రెండు చోట్లా అబద్ధం చేస్తాయి. వీసా కోసం ముఖ్యమైన విషయంలో బుద్ధిపూర్వకంగా అబద్ధం చెబితే అమెరికా చట్టం శాశ్వత అనర్హత విధిస్తుంది. మీమాంసకుల లెక్కలో అది అంగలోపం ఉన్న కామ్యకర్మ. ఫలం అడిగే అర్హత అక్కడే పోతుంది.

కాగితాలన్నీ నిజమై, మనసులోని ఉద్దేశమూ నిజమై ఉన్నవారు నిస్సంకోచంగా వీసా రొట్టె పట్టవచ్చు. తిరిగి వచ్చే ఉద్దేశం లేనివారు పర్యాటక వీసా కోసం ఆ రొట్టె పట్టకూడదు.