తెలిసినవాడి బాకీ

మన సంసారాల్లో బాకీలకు కొదవలేదు. పాలవాడి బాకీ, పచారీ కొట్టు పద్దు, ఇస్త్రీ బండి లెక్క, పక్కింటి నుంచి తెచ్చుకున్న కాఫీపొడి, ఇవన్నీ పైకి కనిపించేవి. పెద్దలు చెప్పిన దేవఋణం, పితృఋణం, ఋషిఋణం కంటికి కనిపించనివి. వీటిలో చివరిదంటే నాకు మొదట్నించీ కాస్త భయం. తాను తెలుసుకున్నది ఇంకొకరికి అందిస్తేగాని ఆ ఋణం తీరదంటారు. అంటే, ఓ సంగతి తెలియడమే అప్పుపడటం అన్నమాట!

వేదాంతంలోకి దిగుతున్నాననుకుని పేజీ తిప్పేయకండి. నేను చెప్పబోయేది సెల్‌ఫోను సంగతి.

బెజవాడ బీసెంటు రోడ్డులో ఓ సాయంత్రం నిలబడి చూడండి. గాజులు బేరమాడే అమ్మాయి చేతిలో ఫోను, ఆ గాజులమ్మే ఆయన చేతిలో ఫోను, ఇద్దరి మధ్యా దారి చేసుకుపోతున్న రిక్షా ఆయన జేబులోనూ ఫోనే. దాదాపు ఒకే రకం యంత్రం. కానీ ఒకరి చేతిలో అది పనిముట్టు, మరొకరి చేతిలో బొమ్మలపెట్టె. ఈ తేడా డబ్బు వల్ల వచ్చింది కాదు, చదువు వల్ల వచ్చిందీ పూర్తిగా కాదు. "ఇందులో ఫలానా సదుపాయం కూడా ఉందండీ" అని చెప్పే మనిషి పక్కన ఉండటం, లేకపోవడం వల్ల వచ్చింది.

మంచి సదుపాయాలు ఎందుకు మరుగున పడి ఉంటాయి? కాళేశ్వరరావు మార్కెట్టుకు వెళ్లేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. అరిచి అమ్మేవాడి చుట్టూ జనం మూగుతారు. మూల గోనెపట్టా మీద నాలుగు కట్టల మంచి ఆకుకూర పెట్టుకు కూర్చున్న ముసలమ్మను ఎవరూ చూడరు. ఫోనులోనూ అంతే. మన సమయం తిని బతికే యాప్‌లు కేకలేస్తాయి, గంటలు కొడతాయి, "ఇంకా రాలేదేం?" అని కబురు పెడతాయి. పని చేసిపెట్టి పక్కకు తప్పుకునేవి మాత్రం నోరెత్తవు. వాటిని మనం వాడినా, వాడకపోయినా ఎవరికీ లాభం లేదు, మనకు తప్ప. అందుకే వాటికి దండోరా వేసేవాడు లేడు.

నోరెత్తనివాటిలో కొన్నింటి పేర్లు చెబుతాను. రిజర్వు బ్యాంకు వారు 2020 జనవరి 1న 'మణి' అనే యాప్ విడుదల చేశారు. చూపులేనివారు నోటును ఫోను కెమెరా ముందు పెడితే, అది ఎంత నోటో పైకి చెబుతుంది. ఒకసారి ఫోనులో పెట్టుకుంటే ఇంటర్నెట్టు లేకపోయినా పనిచేస్తుంది. నోటు అసలుదా దొంగదా అన్నది మాత్రం దాని పని కాదు. వంద ఇచ్చానో అయిదొందలు ఇచ్చానో ఎదుటివాడి నిజాయితీ మీద వదిలేయవలసిన మనిషికి ఇదెంత ధైర్యమో ఆలోచించండి.

డెన్మార్కులో చూపు తగ్గిన ఓ ఫర్నిచరు పనివాడి ఆలోచనతో 2015లో మొదలైంది 'బీ మై ఐస్'. చూపులేనివారు అందులో పిలిస్తే, ఎక్కడో ఉన్న చూపున్న స్వచ్ఛంద సేవకుడెవరో పలికి, వాళ్ల కెమెరాలోంచి చూసి, "అది జ్వరం మాత్ర కాదండీ, రెండోది" అని చెబుతాడు. పైసా ఖర్చు లేదు. రెండు నిమిషాల పాటు మన కళ్లు ఎవరికో అరువిచ్చే పుణ్యం ఇంత సులువుగా దొరుకుతుందని మన తాతలు కలగనలేదు.

మా వీధి చివర ఓ రిటైరైన మేష్టారున్నారు. "సెలవులకు మనవడొచ్చాడటగా మేష్టారూ, బోలెడు కబుర్లు చెప్పి ఉంటాడే?" అన్నాను. "చెప్పాడు బాబూ, తలూపాను" అన్నారాయన. "ఏం చెప్పాడండీ?" అంటే నవ్వి, "వినబడితేగా!" అన్నారు. చెవి మందగించినవారి కోసం 2019లో గూగుల్ వారు 'లైవ్ ట్రాన్స్‌క్రైబ్' అని ఒకటి తెచ్చారు. ఎదురుగా ఉన్నవారు మాట్లాడుతుంటే ఆ మాటలు ఫోను మీద అక్షరాలై పడుతుంటాయి. తెలుగూ వస్తుంది. తప్పులు పడతాయి, పడవని కాదు. కానీ తలూపడం కంటే తప్పుల తెలుగు చదువుకోవడం నయం కదా!

ఇక ఆకాశం సంగతి. సార్వా నాట్ల రోజుల్లో ఉరిమిందంటే డెల్టా పొలాల్లో గుండెలు జలదరిస్తాయి. కనుచూపు మేర చెట్టు లేని బయలు, మోకాలిలోతు నీళ్లు, వరసగా వంగిన నడుములు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ వారి 'దామిని' యాప్, మనమున్న చోటికి 20, 40 కిలోమీటర్ల దూరంలో పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. జాతీయ విపత్తుల నిర్వహణ సంస్థ వారి 'సచేత్' తుఫాను, వరద కబుర్లు చెబుతుంది. నాట్ల ముఠాలో పదిహేనుమంది ఉంటే పదిహేను ఫోన్లూ ఇవి మోయనక్కర్లేదు. ఒక్కరి ఫోనులో ఉండి, ఆ ఒక్కరు నోరు విప్పితే చాలు.

కాగితాల మాటకొస్తే, 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్ ఇళ్లలో నిలబడిపోయినప్పుడు బీరువా అడుగు అరలో దాచుకున్న సర్టిఫికెట్ల గతేమిటో ఊహించుకోవచ్చు. ప్రభుత్వం వారి 'డిజీలాకర్' 2015 నుంచీ ఉంది. మనం ఫొటో తీసి పెట్టుకున్నవి కాదుగాని, జారీచేసిన కార్యాలయం నుంచే నేరుగా అందులోకి వచ్చిన పత్రాలు చట్టం దృష్టిలో అసలువాటితో సమానం. అలాగే మన పేరు మీద మనకు తెలియకుండా ఎన్ని సిమ్ములున్నాయో చూసుకునే ఏర్పాటు ఒకటుంది. 2021లో అది మొదలైనప్పుడు ముందుగా అందుబాటులోకి వచ్చింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లకే. ఇప్పుడది 'సంచార్ సాథీ'లో భాగం. ముందు మనకే ఇచ్చినా, మనలో ఎందరికి తెలుసు?

జాబితా ఇక్కడితో ఆపుతాను. అసలు ప్రశ్న ఇప్పుడు అడగాలి. ఇవన్నీ తెలిసినవాడికి, తెలియనివాడి పట్ల నిజంగా బాకీ ఉందా?

లేదనేవారి వాదం చిన్నది కాదు. "అడగని సలహా చెప్పడానికి నేనెవర్ని? ఎవరి ఫోను వారిది, ఎవరి బుద్ధి వారిది" అంటారు వాళ్లు. పైగా, తెలిసిన ప్రతివాడూ చెప్పడం మొదలుపెడితే ఏమవుతుందో మనం రోజూ అనుభవిస్తూనే ఉన్నాం. తెల్లవారి అయిదింటికే రెండొందలమందికి వాట్సాప్‌లో జ్ఞానం పంచేవారు ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. ఆ రెండొందలమందిలో చదివేది ఎవరో దేవుడికే తెలియాలి. ఇదేనా ఋణం తీర్చుకోవడం?

కాదు. దీనికి సమాధానం మన కాలవ గట్ల మీదే ఉంది. గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణంగారు, 1935లో, పెదవడ్లపూడి దగ్గర కృష్ణా కాలవ మీద పడవలో పుస్తకాలు పంపే ఏర్పాటు చేశారు. అప్పటికి పుస్తకాలు లేక కాదు, గ్రంథాలయాలు లేకా కాదు. పుస్తకం ఉండటం వేరు, పొలం పని చేసుకునే మనిషి చేతికి అది అందటం వేరు అని ఆయనకు తెలుసు. "మా దగ్గర మంచి పుస్తకాలున్నాయి" అని ఊరూరా కరపత్రాలు విసిరి ఊరుకుంటే అది ఈనాటి ఫార్వర్డు అయ్యేది. ఆయన పుస్తకాన్నే పడవెక్కించి మనిషి దగ్గరకు పంపారు. చెప్పడానికీ చేర్చడానికీ ఉన్న తేడా అదే. చెప్పడానికి వేలు కదిపితే చాలు. చేర్చడానికి మనిషి కదలాలి.

ఈ తేడాకు ప్రాణాల ఖరీదు కట్టిన రోజొకటి మన డెల్టా చరిత్రలో ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చి 10,000 మందికి పైగా పోయారు. సముద్రంలో తుఫాను ఉందని తెలిసినవాళ్లు ఆ రోజూ ఉన్నారు. ఆ తెలిసిన సంగతి, వినేవాడికి బోధపడే మాటల్లో, లేచి నడిచే వ్యవధి ఉండగా, చివరి గుడిసె దాకా వెళ్లలేదు. అప్పుడు ఫోన్లు లేవు, చేసేదేం ఉందనవచ్చు. ఇప్పుడున్నాయి. కనక ఇప్పుడు ఆ మాట అనడానికి మనకు వీల్లేదు.

సరే, బాకీ ఉందనే అనుకుందాం. ఎవరికి ఎంత? లోకమంతటికీ బాకీపడ్డవాడు ఎవరికీ తీర్చలేడు. ఇక్కడ నాకు దారి చూపించేది మన రైతే. బెజవాడ దగ్గర పాత ఆనకట్ట 1855కే పూర్తయింది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. అంతమాత్రాన శివారు భూములు తడిసిపోలేదు. కాలవ, పిల్లకాలవ, పంటబోదె దాటి నీరు రావాలి. అన్నిటికన్నా ముందు, ఎగువ రైతు తన చేను తడిశాక మడవ కట్టి నీటిని కిందికి వదలాలి. అతను డెల్టా అంతటికీ జవాబుదారీ కాడు. తన పొలం కింద పొలానికి జవాబుదారీ. ప్రతివాడూ ఆ ఒక్క పొలాన్నీ చూసుకుంటే నాగాయలంక దాకా నీళ్లు వెళతాయి.

అంచేత తెలిసినవాడి బాకీ రెండొందలమందికి కాదు, తన కింద పొలానికి. అంటే పక్కింటి మామ్మగారికి, ఇంట్లో పనిచేసే అమ్మాయికి, పొలం కౌలుకు చేసే మనిషికి. ఆ బాకీ అరగంట పక్కన కూర్చుంటే తీరుతుంది. కూర్చున్నప్పుడు ఒక నియమం పాటించాలి. ఫోను వాళ్ల చేతిలోంచి లాక్కోకూడదు. "ఇలా ఇవ్వండి మామ్మగారూ, నేను చేసిపెడతా" అని టకటకా నొక్కి తిరిగి ఇచ్చేస్తే, ఆమె మొదట ఎక్కడుందో అక్కడే ఉంటుంది, రేపు మళ్లీ మనకోసం గుమ్మంలో ఎదురుచూస్తూ. అది సాయంలా కనిపించే పెత్తనం. ఆమె వేలే నొక్కాలి. ఆలస్యమైతే కానివ్వాలి. రహస్య సంఖ్య టైపు చేసేటప్పుడు మనం మొహం పక్కకు తిప్పుకోవాలి. నేర్పవలసిన మొదటి పాఠం అదే.

చేర్చే సరుకు మంచిదో కాదో చూడటం కూడా ఈ బాకీలో భాగమే. అప్పిస్తామని వచ్చి, ఫోనులోని పేర్లన్నీ పట్టుకుపోయి, చుట్టాలందరికీ ఫోన్లు చేసి పరువు తీసే యాప్‌ల వల్ల ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు మన పత్రికల్లోనే చదివాం. కనక ఏ యాప్ గురించి చెప్పబోయినా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. దీన్ని తయారుచేసిందెవరు? వాళ్లకు డబ్బు ఎక్కణ్ణించి వస్తోంది? పని అయ్యాక ఇది మనల్ని వదిలిపెడుతుందా? చీకట్లో దారి చూపించే లైటు యాప్‌కు మన బంధువుల నంబర్లతో పనేమిటి? గొడ్డలి కట్టె కొట్టాక గోడకు ఆనుకుని ఊరుకుంటుంది. "ఇంకో కట్టె కొట్టు, ఇంకో కట్టె కొట్టు" అని వెంటపడే గొడ్డలి పనిముట్టు కాదు, పిశాచం.

మరొక్క మాట. ఎంత చెప్పినా "నాకొద్దు బాబూ" అనే హక్కు మామ్మగారికి ఉంది. మన రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. ఆఫీసు మెట్లెక్కలేనివారికి అది మేలే. కానీ ఫోనులో దారి తెరిచామని, నడిచివచ్చేవాడి మొహాన కిటికీ మూయకూడదు. కొత్త కాలవ తవ్వామని పాత బావి పూడ్చుకుంటామా? సదుపాయం అదనంగా ఉండాలి, షరతుగా కాదు.

ఈ వారం మీ పొలం కింద పొలం ఎవరిదో ఓసారి తలుచుకోండి. పేరు వెంటనే తడుతుంది. చూపు ఆననివారో, చెవి ఆననివారో, వానలో పొలం వెళ్లేవారో అయి ఉంటారు. వాళ్లకు పది సంగతులు చెప్పకండి, ఒక్కటి చేర్చండి. వచ్చేవారం వెళ్లి అది వాడుతున్నారో లేదో కనుక్కోండి. వాడకపోతే చిన్నబుచ్చుకోకుండా మళ్లీ మొదట్నించీ చెప్పండి. అరగంట పోతుందనుకోకండి. మన వైపు ఇళ్లలో అరగంట కూర్చున్నవాణ్ణి కాఫీ తాగించకుండా పంపరు. ఋణం తీరుస్తూ కాఫీ కూడా రాబట్టుకోగల బాకీ లోకంలో ఇదొక్కటే.