యయాతి ఋణము

2000 మొదలు 2019 వరకు ఏటికి సగటున 3.7 శాతము చొప్పున పెరిగిన ప్రపంచోత్పత్తి ఇకముందు మూడు శాతమునకు అటునిటుగా మాత్రమే సాగునని అంతర్జాతీయ ద్రవ్యనిధి కొన్నేండ్లుగా చెప్పుచున్నది. చైనాలో పదిశాతపు వృద్ధి గతకాలపు మాట అయినది. ఐరోపా దేశములు పెక్కింట ఒక శాతము పెరిగిన సంవత్సరమును మంచి సంవత్సరముగా ఎంచుచున్నారు. జనసంఖ్యలో వృద్ధుల పాలు హెచ్చుట, ఉత్పాదకత మునుపటివలె పెరుగకుండుట, దేశముల నడుమ వాణిజ్యమునకు అడ్డుగోడలు లేచుట, ప్రభుత్వముల నెత్తిన అప్పులు పేరుకొనుట — ఈ కారణములను ఆర్థికశాస్త్రజ్ఞులు నాకంటె చక్కగా వివరింపగలరు. సంపద మెల్లగా పెరుగు లోకమున, లేక పెరుగుట మానిన లోకమున, ముందుతరమునకును వెనుకతరమునకును నడుమ నుండవలసిన ధర్మమెట్టిదను ప్రశ్న మాత్రము వారి పరిధిలోనిది కాదు. అది ధర్మజిజ్ఞాస చేయువారి యెదుట నిలిచిన ప్రశ్న. దానిని వారు తగినంత శ్రద్ధతో ఎత్తుకొనలేదని నా వేదన.

ఎత్తుకొన్నవారు సాధారణముగా చెప్పు సమాధానము సంతుష్టి. పతంజలి నియమములలో సంతోషమును, యమములలో అపరిగ్రహమును చేర్చెను గనుక, వృద్ధి ఆగిన లోకమునకు మన ప్రాచీనులు ముందే మందు చెప్పియుంచిరని వారి భావము. పాశ్చాత్యులలోను ఇట్టి ఆశ గలవారు లేకపోలేదు. సంపదయు జనసంఖ్యయు పెరుగుట మానిన స్థితికి వెరవనక్కరలేదనియు, మనుష్యుని బుద్ధి హృదయములు పెంపొందుటకు అదియే అనుకూలమైన కాలము కావచ్చుననియు జాన్ స్టూవర్ట్ మిల్ 1848లోనే వ్రాసెను. 1930లో, ప్రపంచమంతయు ఆర్థికమాంద్యమున మునుగుచున్న వేళ, నూరేండ్లలో జీవనస్థాయి నాలుగు మొదలు ఎనిమిది రెట్లు పెరిగి, దినమునకు మూడు గంటల పని చాలును గనుక, ధనాశ యొక రోగముగా ఎంచబడునని కీన్సు చెప్పెను. సంపద ఆయన చెప్పినట్లే పెరిగినది. మూడు గంటల పనిదినము రాలేదు. ధనాశను రోగమని ఎంచు వైద్యుడును కానరాడు.

సంతుష్టిని నేను చిన్నచూపు చూచుట లేదు. అయితే మన గ్రంథములలో ఆ బోధ ఎవరి నుద్దేశించి చెప్పబడినదో గమనింపవలసియున్నది. యముడు ఏనుగులను, గుఱ్ఱములను, బంగారమును ఇవ్వజూపగా నిరాకరించినవాడు నచికేతుడు. రాజ్యమును అనుభవించుచు దానిని అంటకుండ నిలిచినవాడు జనకుడు. చేతికి అందినదానిని విడుచుటయందే వారి మహిమ యున్నది. ఆకొన్నవానికి సంతుష్టిని బోధించి పంపివేయుమని చెప్పిన స్మృతి ఏదియు నాకు తెలియదు. అన్నము పెట్టుమన్నవే తెలియును. తైత్తిరీయోపనిషత్తు అన్నమును సమృద్ధిగా చేయుట వ్రతమనియే విధించినది. కనుక వృద్ధి పాపము కాదు. వృద్ధి లేనపుడు లేమిని ఎవరి తలకెత్తుదుమన్నచోట పాపపుణ్యముల విచారణ మొదలగును.

ఈ విషయమున జపాను తక్కిన లోకమునకు ఒక తరము ముందు నడిచిన దేశము. 1950ల నడుమ మొదలుకొని 1973లో చమురుధరలు భగ్గుమనువరకు ఆ దేశపు ఆదాయము ఏటికి తొమ్మిది పది శాతముల వేగమున పెరిగెను. ఆ వేగమున ఏడెనిమిదేండ్లకు ఆదాయము రెట్టింపగును. 1989 సంవత్సరాంతమున శిఖరమెక్కిన టోక్యో వాటాల ధరలు, పతనమైన పిమ్మట, మరల ఆ శిఖరమును దాటుటకు 2024 ఫిబ్రవరి వరకు పట్టినది. నడుమ గడచిన కాలమున వృద్ధి ఏటికి ఒక శాతమునకు దరిదాపుగా నిలిచినది. ఆ లెక్కను ఆదాయము రెట్టింపగుటకు డెబ్బదియేండ్లు కావలెను. అయినను జపాను చెడిపోలేదు. ప్రజల ఆయుర్దాయము లోకమున అగ్రశ్రేణిలో నిలిచినది. నిరుద్యోగము ఎన్నడును ఆరు శాతము దాటలేదు. పనిచేయు వయసుగల ఒక్కొక్కరి లెక్కను చూచినచో వారి వృద్ధి అమెరికాకంటె అంతగా వెనుకబడినదియు కాదు. క్యోటోలోని ర్యోఆంజీ దేవాలయపు తోటలో ఒక రాతితొట్టిపై, ఉన్నదానితో తృప్తి నెరుగుదునని అర్థమిచ్చు అక్షరములు శతాబ్దముల క్రిందటనే చెక్కబడియున్నవి. సంతుష్టి ఎరుగని జాతి కాదది.

అట్టి జాతియందే ఘోరమైన అన్యాయమొకటి నిశ్శబ్దముగా జరిగిపోయినది. అక్కడి పెద్ద సంస్థలు విద్య ముగించిన యువకులను ఏటేట ఏప్రిలు మాసమున ఒక్కుమ్మడిగా చేర్చుకొని, పదవీవిరమణవరకు పోషించుట ఆచారము. ఆ ద్వారము తప్పినవానికి పిమ్మట మరియొక ద్వారము తెరచుకొనుట దుర్లభము. రాబడి తగ్గినపుడు సంస్థలు లోపలనున్న పెద్దలను వెలివేయక, వెలుపలనున్న పిన్నలకు తలుపు మూసినవి. 1993 మొదలు 2004 వరకు విద్య ముగించి వెలికివచ్చినవారిని ఆ దేశమున ఉద్యోగ హిమయుగపు తరమని వ్యవహరింతురు. స్థిరము లేని కొలువులలో నున్నవారు 1990 ప్రాంతమున శ్రామికులలో అయిదవవంతుగా నుండి, నేడు మూడవవంతును మించిరి. పెండ్లి చేసికొనలేక, ఇల్లు కట్టుకొనలేక ఏబదియేండ్ల వయసునకు వచ్చిన బిడ్డలను ఎనుబదియేండ్ల తలిదండ్రులు తమ పింఛనుతో పోషించు కుటుంబములు అక్కడ ఒక సామాజిక సమస్యగా పేరు పడినవి. ప్రభుత్వపు అప్పు దేశపు ఏటి ఆదాయమునకు రెండింతలు మించినది. పెద్దల సంతుష్టికి మూల్యమును పిన్నలు చెల్లించిరి.

ఈ వృత్తాంతము చదివినప్పుడెల్ల నన్నయభట్టారకుడు ఆదిపర్వమున చెప్పిన యయాత్యుపాఖ్యానము నా మనసున మెదలును. శుక్రాచార్యుని శాపమున అకాలవార్ధకము పొందిన ఆ రాజు, భోగేచ్ఛ తీరనివాడై, తన ముదిమిని గ్రహించి యౌవనము నిమ్మని కొడుకుల నడిగెను. యదువు, తుర్వసుడు, ద్రుహ్యుడు, అనువు నిరాకరించి శప్తులైరి; కడగొట్టు కొడుకైన పూరుడు సమ్మతించెను. వేయేండ్లు భోగించి, భోగమువలన కోరిక తీరదని తెలిసికొని, యయాతి యౌవనమును తిరిగి యిచ్చి, రాజ్యమును పూరునకే కట్టబెట్టెను. ఈ కథను తృష్ణానిందగా చదువుట వాడుక. నాకు మాత్రము ఇందులో ఋణధర్మము కనబడును. యయాతి ఎంతటి భోగలాలసుడైనను, తీసికొనుటకు ముందు అడిగెను; కాదన్నవారి యౌవనమును బలిమిని లాగికొనలేదు; తీసికొన్నదానిని అసలుతో కూడ రాజ్యమును చేర్చి తీర్చెను. నేటి ప్రభుత్వములు ఇంకను పుట్టని పూరుల పేర పత్రములు వ్రాయుచున్నవి. వారి సమ్మతి నడుగుటకు మార్గము లేదు. తీర్చు దినమును ఎవరును పేర్కొనరు.

అప్పు ఒకరికొకరు ఇచ్చుకొన్నదే గదా, జపాను ఋణములో అధికభాగము జపానీయులకే చెల్లవలసినది గదా యని కొందరందురు. యయాతి తీసికొన్న యౌవనమును ఇంటిలోనిదే. ఇంటి సొమ్ము ఇంటిలోనే యున్నంతమాత్రమున ఎవరిది ఎవరు అనుభవించిరను విచారణ తప్పదు.

ఒకప్పుడు ఈ ఋణమునకు న్యాయమైన సమాధానమే యుండెను. కొడుకు తండ్రికంటె మిక్కిలి సంపన్నుడగును గనుక, తండ్రి కొంత అప్పు మిగిల్చిపోయినను అది కొడుకునకు తేలికయే యనిరి. ఏడెనిమిదేండ్లకు ఆదాయము రెట్టింపగు కాలమున ఈ వాదము చెల్లినది. డెబ్బదియేండ్లకు గాని రెట్టింపు కాని కాలమున ఇది చెల్లదు. మందగతివలన కలిగిన నష్టములలో దీనినే నేను గొప్పదిగా ఎంచుదును: అది మన ధనమును తగ్గించుటతో ఆగక, అప్పు చేయుటకు మనకుండిన ధర్మాధారమును తొలగించినది.

మన ధర్మశాస్త్రకారులు ఈ చిక్కును కుటుంబస్థాయిలో నిశితముగా పరిశీలించిరి. తండ్రి ఋణము తీర్చుట కొడుకునకు ధర్మమనుచునే, మద్యమునకు, కామమునకు, జూదమునకు చేసిన అప్పును, చెల్లింపక మిగిలిన దండనను, సుంకమును, వ్యర్థమైన దానములకు ఒప్పుకొన్న సొమ్మును కొడుకు ఈయనక్కరలేదని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. ఆ స్మృతికి కల్యాణపురమున చాళుక్య విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర తెలుగుదేశమున తరతరములు చట్టమై నడచినది. తండ్రి చేసిన అప్పు వ్యావహారికమా, అనగా ధర్మసమ్మతమైనదా, లేక అవ్యావహారికమా యని ఆంగ్లేయుల కాలపు న్యాయస్థానములు సయితము విచారించెడివి. 2005లో హిందూ వారసత్వ చట్టమును సవరించినపుడు, ఆపై తండ్రి చేయు అప్పునకు పుత్రధర్మము పేర కొడుకును బాధ్యుని చేయు నియమమును పూర్తిగా తొలగించిరి. ఇంటి తండ్రి విషయమున ఇంత సూక్ష్మముగా ఆలోచించినవారము, ప్రభుత్వమను తండ్రి విషయమున ఆ విచారణయే చేయము. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమువంటి నిర్మాణమునకు అప్పు చేసినచో దాని నీరు మనుమల పొలములకును పారును. ఆ ఋణమును మనుమలు మోయుట న్యాయము. రోగికి వైద్యమునకు, బిడ్డకు చదువునకు చేసిన అప్పును అట్టిదే. నేటి వినియోగమును నేటి పన్నులతో భరింపనొల్లక, ఓటునకు వెరచి చేసిన అప్పు యాజ్ఞవల్క్యుడు చెప్పిన వృథాదానములలో చేరదా? పేదవానికి పెట్టిన అన్నమును నేను ఆ పద్దున వ్రాయను. కలవానికి విడిచిపెట్టిన పన్నును తప్పక వ్రాయుదును.

ఈ ప్రశ్న మన తెలుగువారికిని దూరమున లేదు. ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను స్త్రీ యొక్కతెకు కలుగు సంతానపు సగటు రెండునకు లోపు పడినట్లు 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే తెల్పినది. ఇద్దరికి మించి బిడ్డలున్నవారు పంచాయతీ ఎన్నికలకు నిలువరాదని 1994లో శాసించిన ఆంధ్రప్రదేశము 2024లో ఆ నిషేధమును తొలగించుకొన్నది. ఎక్కువమంది బిడ్డలను కనుడని పాలకులు ఇప్పుడు బహిరంగముగనే కోరుచున్నారు. వృద్ధులను పోషించుటకు యువకులు కావలెనన్నది ఆ కోరికకు హేతువు. పుట్టబోవు బిడ్డ యెదుట పెద్దల ముదిమి అప్పుడే సిద్ధముగా నున్నదన్నమాట. ఆ బిడ్డకు ఏ పాఠశాల, ఏ నేల, ఏ నీరు, ఎంత అప్పు అప్పగింపబోవుచున్నారో ఆ కోరికతోపాటు ఏ శాసనసభయందైనను లెక్క చదివి వినిపించిరా?