చెయ్యి వణికే రోజులు

కడియం, కడియపులంక నర్సరీల్లో పొద్దున్నే పని మొదలవుతుంది. అక్కడ అంటు కట్టాలంటే చెయ్యి నిలకడగా ఉండాలి: కొమ్మను ఏటవాలుగా కోసి, మొక్కకు సరిగ్గా ఆనించి, ప్లాస్టిక్ పట్టీ బిగించాలి. తాగుడు మానేసిన మొదటి రోజుల్లో ముందు వణికేది ఆ చెయ్యే. "చుక్క పడందే వీడికి పని సాగదు" అనేస్తారు పక్కవాళ్లు. దయచేసి అనకండి. ఆ వణుకు జబ్బు లక్షణం. ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికే రావచ్చు. ఒట్టు వేయించుకుంటే చాలదు, డాక్టరు దగ్గర మందులతో మాన్పించాలి. తాగుడు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. రూపాయి ఖర్చుండదు.

తాగుడును ఊళ్లోంచే తరిమే ప్రయత్నమూ జరిగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ ముందు నిలిచారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం అమలైంది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని మాత్రం 1997లో సడలించారు. ఆ తల్లుల పోరాటం ఎంతో గొప్పది. అయినా దుకాణం మూతపడితే ఒంట్లో పాతుకున్న జబ్బు పోదు. దానికి మనిషి తోడు కావాలి.

కూలి డబ్బులు చేతికొచ్చే సాయంత్రం వేళే గండం. ఆ గంటసేపు తాగుడు మానేసిన మనిషిని టీకొట్టు దాకా వెంటబెట్టుకెళ్లండి. ఇదివరకే మానేసినవాళ్లు మీ వీధిలో ఉంటే వాళ్లతో మాట్లాడించండి. మళ్లీ తాగాడా? తిట్టకుండా మళ్లీ ఆస్పత్రికి తీసుకెళ్లండి.