పాత రంపపు మిషనును బాగుచేయుటా, మార్చుటా?



గత వేసవిలో మా సంఘ కమిటీ ముందుకు ఒక చిన్న విషయం వచ్చింది. చిన్నదేనని మేము అనుకున్నాము. పది నిమిషాల్లో తేల్చేసి తరువాత మందిరానికి సున్నం వేయించే సంగతి మాట్లాడవచ్చునని కార్యదర్శిగారు దానిని మొదట పెట్టారు. మూడు కూటములు గడిచిన తరువాత గాని అది తేలలేదు. తేలిన తీరు కూడా అందరికీ నచ్చలేదు. ఇటువంటి ప్రశ్న మీ సంఘాలలోనూ ఏదో ఒక రూపంలో వచ్చే ఉంటుంది గనుక జరిగినది జరిగినట్లు వ్రాస్తున్నాము.

ధర్మపురి అనగానే మీలో చాలామందికి తెలంగాణలో గోదావరి ఒడ్డున ఉన్న ధర్మపురి గుర్తుకు వస్తుంది. మాది అది కాదు. తమిళనాడులో, 1965లో సేలం నుండి విడిపోయి జిల్లా అయిన ధర్మపురి. 2004లో దీనిలో నుండి కృష్ణగిరి వేరు జిల్లాగా వెళ్లింది. హోసూరు, కృష్ణగిరి వైపు తరతరాలుగా తెలుగు మాట్లాడే పల్లెలున్నాయి గనుక, మావలె నెల్లూరు వైపు నుండి బ్రతుకుతెరువు కోసం వచ్చినవారికి ఇక్కడ మాటకు కొరత లేదు.

మా ప్రార్థన మందిరం వెనుక రేకుల షెడ్డులో వడ్రంగి పని జరుగుతుంది. బడి బెంచీలు, తలుపులు, కిటికీలు, అవసరం వచ్చినప్పుడు శవపేటికలు అక్కడే తయారవుతాయి. వచ్చిన లాభంతో ఇద్దరు ముగ్గురు పిల్లలకు చదువు ఖర్చు ఇస్తున్నాము. అక్కడున్న రంపపు మిషనును 1987లో అప్పటి పెద్దలు మూతపడిన ఒక అడితిలో సెకండ్‌హ్యాండుగా కొన్నారు. పోత ఇనుప బల్ల, మధ్యలో 12 అంగుళాల గుండ్రని రంపం, కింద 3 హార్సుపవరు కోయంబత్తూరు మోటారు. నలుగురు పట్టినా కదలదు.

గత ఏడాదిగా అది మొరాయిస్తున్నది. బేరింగులు అరుస్తున్నవి. ఇరుసు అరిగి రంపం ఊగుతున్నది. కోత వంకర పోతున్నది. ఇరుసును లేతు పట్టించి, కొత్త బేరింగులు, బెల్టులు వేసి, మోటారుకు వైండింగ్ చేయిస్తే 16 వేలు అవుతుందని లేతు పనివాడు చెప్పాడు. అటువంటి బరువైన కొత్త మిషను 70 వేలు. తేలికపాటిది, ఎత్తి పక్కన పెట్టుకోదగినది, 30 వేలకు దొరుకుతుందట.

మొదటి కూటములో మాటలు మీరు ఊహించగలిగినట్లే నడిచాయి. హోసూరు కంపెనీలలో పనిచేసే మా యువకులు కొత్తది కొనమన్నారు. ఈ ఏడు బేరింగు పోయింది, వచ్చే ఏడు మోటారు పోతుంది, ఇలా ఎంతకాలమని వారి వాదం. ముసలివారమైన మేము బాగుచేయించుట మేలన్నాము. ఇప్పుడు దొరికే రేకు బల్లలు ఈ పోత ఇనుముకు సాటిరావు, బరువున్న బల్ల అదరదు, అదరని బల్లమీద కోత తిన్నగా వస్తుంది. ఇందులో నిజమున్నది. కాని మా పట్టుదలకు కారణం అదొక్కటే కాదని ఒప్పుకోవలెను. ఒక రేకుపెట్టె, ఒక చాప పట్టుకొని ఊరు దాటి వచ్చినవారికి దేనినైనా పారవేయుట అంటే ప్రాణం పోయినట్లు ఉంటుంది. మా ఇంట్లో తెగిన గొడుగులు మూడున్నాయి. బాగుచేసుకొని వాడుకొనే హక్కు కోసం 2022లో కేంద్ర ప్రభుత్వమే ఒక వెబ్‌సైటు తెరిచిందని విన్నప్పుడు, మమ్మల్నే ఎవరో మెచ్చుకున్నట్లు సంతోషించాము.

రెండవ కూటమికి మేస్త్రిని పిలిచాము. ఆయన నిలబడే ఉన్నాడు. కూర్చోమని రెండుసార్లు చెబితే గాని కూర్చోలేదు.

"మేస్త్రీ, బాగుచేయిస్తే సరిపోతుందా?" అని మేమడిగాము.

"మీరు ఏది ఇచ్చినా కోస్తాను అయ్యవారూ."

ఆ జవాబుతో మేము తృప్తిపడి ఉండేవారము. కమిటీలో ఉన్న నర్సు సహోదరి ఆయన ఎడమ చేతివైపు చూస్తూ అడిగింది: "ఆ వేలు ఎట్లా పోయింది అన్నా?"

"అడితిలో పనిచేసేటప్పుడు పోయిందమ్మా. ఇక్కడ కాదు. అక్కడి మిషనూ ఇట్లాంటిదే."

"దీనికి రంపం మీద మూత ఉండదా?"

"ఉండాలమ్మా. దీనికి మొదటి నుంచీ లేదు."

ఆయన చూపుడు వేలు సగమే ఉన్నదని మాకు తెలియనిది కాదు. పదిహేనేండ్లుగా ఆ చేతికి కూలి ఇస్తున్నాము, ఆ చేతితో కరచాలనం చేస్తున్నాము. రంపానికి సాన పట్టించిన రసీదులమీద ఎన్నిసార్లు సంతకం చేశామో లెక్కలేదు. మూత లేదన్న సంగతి ఒక్కనాడూ మా కంట పడలేదు. 16 వేల లెక్కలోనూ అది లేదు. లేతు పనివాడు అరిగినవాటికి లెక్క వేశాడు గాని మొదటి నుండీ లేనిదానికి ఎలా వేస్తాడు?

మరుసటి రోజు మేము షెడ్డుకు వెళ్లి ఆ మిషను పక్కన ఒక గంట నిలబడ్డాము. మేము ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నప్పుడు చేతిపనుల తరగతి ఉండేది. చేతిరంపం పట్టుట మాకు తెలుసు. చేతిరంపం మనం ఆపితే ఆగుతుంది. ఇది వేరు. మోటారు పుల్లీ పెద్దది, రంపపు పుల్లీ చిన్నది గనుక రంపం నిమిషానికి సుమారు 3 వేల చుట్లు తిరుగుతుంది. 12 అంగుళాల రంపానికి అంచు చుట్టుకొలత దాదాపు 96 సెంటీమీటర్లు. లెక్కవేసి చూస్తే ఆ పళ్లు గంటకు 170 కిలోమీటర్ల వేగంతో పోతున్నవి. మేస్త్రి మేనల్లుడు, పందొమ్మిదేండ్లవాడు, ఆ పళ్లకు జానెడు దూరంలో వేపచెక్కను తోస్తున్నాడు.

చేయి తగులుట ఒక్కటే ప్రమాదం కాదని మేస్త్రి చూపించాడు. రంపం ముందువైపు పళ్లు కిందికి దిగుతాయి, వెనుకవైపు పళ్లు పైకి లేస్తాయి. పచ్చి చెక్క కోస్తుండగా చీలిక మూసుకొని ఆ వెనుక పళ్లను పట్టిందంటే, అవి చెక్కను ఎత్తి తోసేవాని కడుపుమీదికి విసురుతాయి. దానికి మందు చిన్నదే. రంపం వెనుక ఆ చీలికలోనే నిలబడే ఒక ఉక్కురేకు ఉంటే చీలిక మూసుకోదు. ఆ రేకు కూడా మా మిషనుకు లేదు. ఇక స్విచ్చి గోడమీద ఉన్న మామూలు మెయిను. 2012 ప్రాంతంలో తమిళనాడులో కరెంటు కోతలు ఎలా ఉండేవో ఇక్కడివారందరికీ జ్ఞాపకమే. కరెంటు పోయినప్పుడు మెయిను దించడం మరచి, చెక్కను సర్దుతూ ఉండగా కరెంటు తిరిగి వస్తే రంపం దానంతట అదే తిరుగుతుంది. బావి మోటారుకు ప్రతి రైతూ పెట్టుకొనే మామూలు స్టార్టరుంటే ఆ బెడద లేదు. కరెంటు పోగానే అది విడిపోతుంది, మళ్లీ నొక్కితే గాని పట్టదు. నీళ్ల మోటారుకు ఉన్న జాగ్రత్త మా మిషనుకు లేదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ఆజ్ఞ ఉన్నది. అక్కడ చెప్పినది కొత్త ఇంటి సంగతి. తాత కట్టిన పాత ఇంట్లో, పిట్టగోడ లేని మిద్దె కింద కాపురముంటున్నవాని మాటేమిటి? గోడ కట్టనిది నేను కాదు గదా అని అతడు అనగలడా? మూడవ కూటములో ఒక పెద్దాయన ఇంచుమించు ఆ మాటే అన్నారు. మిషను అలాగే వచ్చింది, మనం ఏదీ ఊడదీయలేదు అని. దానికి జవాబు నిర్గమకాండము 21వ అధ్యాయములో, పొడిచే ఎద్దును గూర్చిన విధిలో ఉన్నదని మాకు తోచింది. ఎద్దు మొదటిసారి మనిషిని పొడిచి చంపితే యజమానుడు నిర్దోషి. పొడిచే అలవాటున్నదని అతనికి తెలియజేసిన తరువాత కూడా కట్టివేయకపోతే అతడు దోషి. ఎద్దు అదే, కొమ్ములు అవే. మధ్యలో వచ్చినది తెలియుట ఒక్కటే. నర్సు సహోదరి ప్రశ్న అడిగిన క్షణం నుండి మేము రెండవ రకం యజమానులమయ్యాము. నిజం చెప్పవలెనంటే, మేస్త్రి వేలు చూసిన మొదటి రోజునుండే.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రమాదకరమైన యంత్రభాగాలకు అడ్డు కట్టవలెనని చెప్పింది. కాని కరెంటుతో నడిచే చోట పదిమంది పనివారున్నప్పుడే అది వర్తించేది. మా షెడ్డులో ఉన్నది ఇద్దరు. ఏ ఇనస్పెక్టరూ మా గడప తొక్కలేదు. అడిగేవాడు లేనిచోట మనం ఎట్లా ఉంటామన్నది వేరే పరీక్ష.

అయితే కొత్తదే కొందామా? అమ్మే అంగడికి వెళ్లి చూశాము. కొత్తవాటికి మూత ఉన్నది, ఉక్కురేకు ఉన్నది. కాని ఇద్దరు ముగ్గురు వడ్రంగులను అడిగితే, కొన్న వారంలోపే మూత ఊడదీసి అటకమీద పడేశామని నవ్వుతూ చెప్పారు. గీత కనబడదట, సన్న పట్టీలు కోయడానికి అడ్డమట. అమెరికాలో స్టీవ్ గాస్ అనే పేటెంటు లాయరు ఇంకా ముందుకు వెళ్లి, వేలు తగిలిన క్షణంలో రంపాన్ని ఆపే యంత్రం కనిపెట్టాడు. రంపంలో సన్నని విద్యుత్తు సంకేతం నడుస్తుంటుంది; చర్మం తగలగానే ఒక అల్యూమినియం దిమ్మె పళ్లలోకి దూసుకుపోయి సెకనులో 200వ వంతు కాలంలో దానిని నిలిపివేస్తుంది. ఆ దెబ్బకు దిమ్మె పోతుంది, రంపమూ సాధారణంగా పనికిరాకుండా పోతుంది, వేలు మిగులుతుంది. 2004 నుండి ఆ మిషనులు అమ్ముతున్నారు. పెద్ద కంపెనీలు మొదట దానిని తీసుకోవడానికి ఇష్టపడలేదు. అంత ఖరీదైనది మా అందుబాటులో లేదు.

ఇంకొక దారిని మా కోశాధికారి సూచించారు. పాతదానిని ఉన్నదున్నట్లు అమ్మివేసి, ఆ సొమ్ము కలిపి కొత్తది కొనుట. కొనేవాడు సిద్ధంగా ఉన్నాడు కూడా, పెన్నాగరం వైపు చిన్న షెడ్డువాడు. కాని వాడు కొనేది దేనిని? మూతలేని రంపాన్నే గదా. నిర్గమకాండములోని అదే అధ్యాయము చివర, ఒకని ఎద్దు మరొకని ఎద్దును పొడిచి చంపితే బ్రతికిన ఎద్దును అమ్మి సొమ్ము పంచుకోవలెనని ఉన్నది. పొడిచేదని ముందే తెలిసిన ఎద్దు విషయానికి వచ్చేసరికి అమ్మకం మాట లేదు. యజమానుడు ఎద్దుకు ఎద్దును ఇచ్చుకోవలసినదే. పండితులు దీనిని ఎలా వివరిస్తారో గాని, మాకు మాత్రం అమ్మబుద్ధి పుట్టలేదు.

చివరికి బాగుచేయించుటకే తీర్మానించాము. అయితే లెక్క 16 వేలు కాలేదు. ఉక్కురేకు, పైకెత్తి దించుకోదగిన మూత, స్టార్టరు, చెక్కను తోసే కర్రలు కలిసి 27 వేలయింది. మూతను లేతు పనివాడు, మేస్త్రి కలిసి కూర్చొని గీత కనబడేలా రెండుసార్లు మార్చి చేశారు. సున్నం పని ఆగింది.

ఇంతటితో అయిపోయిందనుకున్నాము. నెల తరువాత షెడ్డుకు వెళ్లిచూస్తే మూత పైకెత్తి తాడుతో కట్టి ఉన్నది. మాకు కోపం వచ్చి, కుర్రవానిని గట్టిగానే మందలించాము. మేస్త్రి అడ్డం వచ్చాడు. "వాణ్ణి అనవద్దు అయ్యవారూ. మూత దించితే రోజుకు ఒక బెంచీ తగ్గుతుంది. మీరు ఇచ్చేది బెంచీ లెక్కన కదా."

మా నోట మాట రాలేదు. పనికి ఇంత అని కూలి కట్టి, పని నెమ్మది చేసే మూతను చేతికిచ్చాము. అంటే వాని వేలి ఖరీదును వాని కూలిలోనే పట్టుకొన్నాము. మూత ఊడదీసిన ఆ వడ్రంగులందరి నవ్వు వెనుక ఉన్న లెక్క కూడా ఇదేనేమో. తంజావూరులో క్రైస్తవ కుటుంబంలో 1892లో పుట్టి, గాంధీగారితో కలిసి గ్రామ పరిశ్రమల కోసం జీవితం ధారపోసిన జె.సి. కుమరప్పగారు, వస్తువు కొనేవాడు అది తయారైన తీరులోనూ భాగస్థుడేనని వాదించారు. మేము కొనేవారము కూడా కాదు, ఏకంగా యజమానులము.

నాలుగవసారి కూడి, బెంచీ లెక్క తీసివేసి రోజు కూలి పెట్టాము. ఇద్దరు సభ్యులు ఒప్పుకోలేదు. ధర పెరుగుతుంది, బేరాలు పోతాయి, చదువు సహాయానికే ఎసరు వస్తుంది అన్నారు. వారిది పిసినారితనమని మేము అనలేము. వారు చెప్పినట్లే జరిగింది. ఆరేండ్లుగా మా దగ్గర బెంచీలు చేయించుకొంటున్న ఒక బడివారు ఈ జూన్‌లో ధర ఎక్కువని వేరే షెడ్డుకు ఇచ్చారు. మా మనుమరాలు చదివేది ఆ బడిలోనే. కొత్త బెంచీలు బాగున్నవని చెప్పింది. ఆ షెడ్డులో రంపానికి మూత ఉన్నదో లేదో మేము ఇంకా వెళ్లి అడగలేదు.