రాధిక ఓడిపోయిన చోట

పిహెచ్.డి. చేస్తున్న రోజుల్లో ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ నాకొక ఆయుధంలా ఉండేది. స్త్రీకి కోరిక ఉండకూడదన్నవాళ్ళకీ, ఉన్నా పైకి చెప్పకూడదన్నవాళ్ళకీ పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరు నుంచి ఒక స్త్రీ ఇచ్చిన జవాబుగానే దాన్ని చదివాను. వీరేశలింగం ముద్దుపళనిని జారస్త్రీ అని తీసిపారేయడం, బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పట్టుబట్టి కావ్యాన్ని పూర్తిగా అచ్చు వేయించడం, 1911లో బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించడం, మళ్ళీ 1952లో వెలుగు చూడడం - ఈ చరిత్ర మీకందరికీ తెలిసిందే. నేనూ దీని మీద ఒక అధ్యాయం రాశాను. మంచి అధ్యాయమనే అన్నారు.

అందులో నేను దాటేసిన విషయం ఒకటుంది. ఇళాదేవిని చిన్నప్పటినుంచి పెంచింది రాధిక. కృష్ణుడికిచ్చి పెళ్ళి చేసిందీ రాధికే. ఎలా మసలుకోవాలో ఆ పిల్లకి చెప్పింది. పసిది, సున్నితంగా చూసుకోమని కృష్ణుడికీ చెప్పింది. ఆ తర్వాత తట్టుకోలేకపోయింది. నా థీసిస్‌లో ఈ ‘తట్టుకోలేకపోవడం’ కథని నడిపించే ఒక మలుపు మాత్రమే.

కొన్నేళ్ళ తర్వాత అది నా ఇంట్లోకొచ్చింది. ప్రేమ ఆస్తి కాదని నేనూ, నాతో కలిసి బతుకుతున్నతనూ మొదట్లోనే అనుకున్నాం. ఆ మాట ఎక్కువసార్లు అన్నది నేనే. నా దగ్గర పని నేర్చుకుంటున్న ఒకమ్మాయిని అతనికి పరిచయం చేసిందీ నేనే. వాళ్ళ స్నేహం దగ్గరితనంగా మారుతున్నప్పుడు, నాకేం అభ్యంతరం లేదని మనస్ఫూర్తిగా చెప్పాను. ఒక రాత్రి అతను స్నానానికి వెళ్ళినప్పుడు అతని ఫోను తీసి మెసేజీలన్నీ చదివాను. చేతులు వణుకుతున్నా చదవడం ఆపలేదు.

అది చిన్న తప్పు. పెద్దది తర్వాత చేశాను. డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరి ముందు ఆ అమ్మాయి గురించి, ‘మగాళ్ళని వల్లో వేసుకునే రకం’ అన్నాను. ముద్దుపళని మీద పడ్డ ముద్ర గురించి నలభై పేజీలు రాసిన నోటితోనే అన్నాను.

నా ఔదార్యం అబద్ధమా అని చాలాకాలం నన్ను నేను తవ్వుకున్నాను. కాదనే ఇప్పుడనిపిస్తోంది. ఇళని కృష్ణుడికిచ్చినప్పుడు రాధిక నటించలేదు. ఏమిస్తోందో ఆమెకి తెలుసు. ఇచ్చేశాక తనలో ఏం మిగులుతుందో మాత్రం తెలీదు. అది ముందుగా ఎవరికి తెలుస్తుంది? మన విలువల్ని నమ్మినంత మాత్రాన మన శరీరం, మన భయాలు వెంటనే వాటి వెనక నడవవు. నమ్మకానికీ బతుకుకీ మధ్య ఉన్న ఆ దూరాన్ని ఒప్పుకోకపోతే స్త్రీవాదం కూడా ఒక మడిగా తయారవుతుంది. మైలపడ్డవాళ్ళు దాచుకోవాల్సి వస్తుంది. నేను దాచుకున్నాను కాబట్టే అది విషమై వేరొకరి మీద పడింది.

కావ్యం రాధికని శిక్షించదు. ఆమెని బుజ్జగించడానికి దేవుడే దిగొస్తాడు. భక్తుడు బతిమాలడం, దేవుడు కరగడం మనకి అలవాటైన వరస. ఇక్కడది తిరగబడింది. బలహీనపడ్డాక కూడా మనం ప్రేమకి అర్హులమే అన్న ఆ ఊరట నాకెంతో అవసరమైంది. అయినా నేనక్కడ ఆగిపోలేకపోయాను. రాధిక కోపం కృష్ణుడి మీద విరుచుకుపడింది. నేను అతన్నేమీ అనలేదు. నాకంటే చిన్నదీ, నా ఉత్తరం ముక్క మీద ఉద్యోగం ఆధారపడి ఉన్నదీ అయిన అమ్మాయిని అన్నాను. నా బలహీనతకి కూడా ఎవరి మీద పడాలో బాగా తెలుసు. నన్ను నేను తెలుసుకోవడమంటే ఈర్ష్యని గుర్తించడంతో అయిపోదు, నా చేతిలో ఉన్న అధికారాన్ని కూడా చూడాలి.

పోయినేడాది వెళ్ళి ఆ అమ్మాయితో నేనన్న మాట నేనే చెప్పాను. తనకి ముందే తెలుసట. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. వచ్చేస్తుంటే, ‘జాగ్రత్తగా వెళ్ళండి మేడమ్’ అంది. అంతకుముందు ‘అక్కా’ అనేది.

థీసిస్‌ని పుస్తకంగా వేద్దామంటున్నారు. రాధిక అధ్యాయం మళ్ళీ రాస్తున్నాను. ఈసారి ఇళ దగ్గర మొదలుపెట్టాను.