చౌక ధర ఒక్కటే న్యాయమా?

నిరుడు మా ఆశ్రమ పాఠశాల పిల్లలను హైదరాబాద్ చూపించడానికి తీసుకెళ్లాం. చార్మినార్ చూశాక పక్కనే ఉన్న లాడ్ బజార్‌లోకి నడిచాం. ఒక చిన్న కొట్టులో తొమ్మిదో తరగతి అమ్మాయికి నచ్చిన గాజు బిగుతైంది. దుకాణదారు "చేయి ఇటివ్వు బేటీ" అని కొలత చూసి, గాజును సెగకు మెత్తబరచి, కాస్త సాగదీసి, చల్లారాక తొడిగాడు. బయటికొచ్చాక ఆ అమ్మాయి అడిగింది: "సార్, పొద్దున చూసిన మాల్‌లో ఇంతకన్నా తక్కువకే గాజులున్నాయి కదా. మనమే పేదవాళ్లం. ఎక్కువ పెట్టి ఇక్కడెందుకు కొనాలి?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాం.

కూలి డబ్బుతో ఇల్లు గడిపే తల్లికి నూనె ప్యాకెట్ మీద పది రూపాయలు మిగలడం చిన్న సంగతి కాదు. ఆమెను తప్పుపట్టే హక్కు నెల జీతం తీసుకునే మాకు లేదు. చిన్న వ్యాపారులంతా మంచివాళ్లనీ అనలేం. సంతలో దొంగ తూకాలను, షావుకారు అప్పులను మన పెద్దలు మరచిపోలేదు. ఆ దోపిడీని ఆపడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది.

అయితే ఆ గాజు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద పురుగులు చేసే జిగురే లక్క. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో దాన్ని సేకరించేవాళ్లలో ఎక్కువమంది మనలాంటి ఆదివాసులే. పాతబస్తీ ఇరుకు గదుల్లో లక్కను కరిగించి, గుండ్రంగా వంచి, ఒక్కో రాయినీ చేత్తో పొదుగుతారు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అది పేరును కాపాడుతుంది గానీ గిరాకీని తెచ్చిపెట్టదు.

పెద్ద సంస్థ ఒకేసారి గుట్టలకొద్దీ కొంటుంది కాబట్టి ధర తగ్గించగలదు. కొన్నాళ్లు నష్టానికైనా అమ్మగలదు. గాజుల కొట్టు వారం మూస్తే ఆ ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం. 2012లో కేంద్రం చిల్లర వ్యాపారంలోకి 51 శాతం వరకు విదేశీ పెట్టుబడిని అనుమతిస్తూ, సరుకులో 30 శాతం చిన్న పరిశ్రమల నుంచే కొనాలని షరతు పెట్టింది. అనుమతించాలా వద్దా అన్నది రాష్ట్రాలకు వదిలింది. చిన్నవాళ్లకు దెబ్బ తగులుతుందన్న భయం పాలకులకూ ఉందన్నమాట.

మాకు తోచిన జవాబు ఇది. సంతకు మనం చింతపండు, చీపుర్లు మోసుకెళ్లి ఉప్పు, బట్టలు తెచ్చుకుంటాం. అక్కడ మనం కొనేవాళ్లమే కాదు, అమ్మేవాళ్లం కూడా. మాల్‌లోకి మనం సంచి ఖాళీగానే వెళ్లాలి. చిన్న అంగళ్లన్నీ పోతే పేదవాడికి చౌక సరుకు మిగలవచ్చు, దాన్ని కొనే సంపాదన మిగలదు.

అందుకని అన్నీ కొట్టులోనే కొనండని పిల్లలకు చెప్పం. సంతలో తూకం సరిగ్గా ఉండాలని పట్టుబట్టమంటాం. ఏది కొన్నా మన రూపాయి ఎవరి చేతికి చేరుతుందో లెక్క కట్టమంటాం. ఈ లెక్క పాఠ్యపుస్తకంలో లేదు. తోటి ఉపాధ్యాయులారా, దాన్ని తరగతి గదిలోకి మనమే తేవాలి.