తాతయ్య వంతు వదిలిపెట్టిన లారీ

భాష గురించి, పండగల గురించి, పిల్లల పాటల పోటీల గురించి మన సంచికలో రాసేవాళ్లు ఉన్నారు. నేను చేతిపని గురించి రాస్తాను. మా కుటుంబానికి అన్నం పెట్టింది అదే.

మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టిన వడ్రంగి. ఆ రోజుల్లో కంపెనీ నుంచి ఛాసిస్, ఇంజను మాత్రమే వచ్చేవి. క్యాబిన్ కట్టడం, వెనక చెక్క బాడీ బిగించడం, రంగులు వేయడం, పేర్లు రాయడం అన్నీ మా ఊళ్లోనే జరిగేవి. షెడ్డులోకి అస్థిపంజరంలా వచ్చిన బండి నిండు లారీ అయి రోడ్డెక్కేది. నా కాలేజీ ఫీజు, నా విమానం టికెట్టు ఆ చెక్కల్లోంచి వచ్చినవే.

ఇక్కడ మిచిగాన్‌లో మనవాళ్లు ఎందరో కార్ల కంపెనీల్లో ఇంజనీర్లు. వాళ్లలో డ్రైవర్ల పిల్లలు, మెకానిక్కుల పిల్లలు, నేతపనివాళ్ల పిల్లలు ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. మన పిల్లలకు మాత్రం తెలియదు. తాతయ్య ఏం చేసేవారని అడిగితే ‘బిజినెస్’ అని చెప్పి మాట మార్చే ఇళ్లు చాలా చూశాను. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

నాన్నగారికి డెబ్బై నిండే ఏడాది, వేసవికి ఆయన మా ఇంటికి వస్తున్నారని తెలిసి, ఏమివ్వాలని ఆలోచించాం. చొక్కా ఇస్తే బీరువాలో దాస్తారు, ఫోన్ ఇస్తే మనవడికే తిరిగి ఇచ్చేస్తారు. చివరికి ఏడో తరగతి చదివే మా అబ్బాయి రేడియో కంట్రోల్ లారీ కట్టిద్దామన్నాడు. తమియా కంపెనీ కింగ్ హాలర్ కిట్ ఎంచుకున్నాం. అసలు బండిలో పద్నాలుగో వంతు. పొడవాటి బానెట్ ఉన్న అమెరికన్ ట్రక్కు, దాదాపు రెండడుగులు ఉంటుంది. రేడియో, సర్వోలు, స్పీడ్ కంట్రోలర్, బ్యాటరీ విడిగా కొనుక్కోవాలి. అన్నీ కలిపి వందల డాలర్లు అవుతుంది. అందుకని ఆ ఏడు పిల్లలిద్దరూ తమ పుట్టినరోజు పార్టీలు వద్దనుకున్నారు. ఎవరూ అడగకుండానే అన్న మాట అది.

తమియా జపాన్‌లోని షిజువోకా ఊరి కంపెనీ. 1946లో కలప వ్యాపారంగా మొదలై, చెక్క నమూనాలు చేసి, తర్వాత ప్లాస్టిక్‌కు మారింది. 1976లో పోర్షే 934తో రేడియో కంట్రోల్ కార్లలోకి వచ్చింది. కలప అడితి నుంచి ఇంత దూరం వచ్చారని ఫోన్‌లో చెబితే నాన్నగారు మళ్లీ మళ్లీ అడిగి విన్నారు.

చలికాలమంతా భోజనాల బల్ల మీద పని సాగింది. పెట్టెలో ఉండేది బొమ్మ అనుకుంటారు గానీ, మూడు గేర్ల పెట్టె, నిచ్చెనలాంటి అల్యూమినియం ఫ్రేము, లోహపు కమాన్ కట్టలు, అసలు లారీకి ఉండేవే చాలావరకు ఉంటాయి. జపాన్ స్క్రూల తలలు మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్‌కు సరిగా కుదరవు, గాడి అరిగిపోతుంది. వాటికి తగ్గ స్క్రూడ్రైవర్ విడిగా తెప్పించాం. లోహంలోకి లోహం బిగించే చోటల్లా థ్రెడ్‌లాక్ అనే జిగురు చుక్క వేయాలి, లేకపోతే అదురుకు వదులవుతుంది. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూకి అది అక్కర్లేదు, పైగా కొన్ని రకాల ప్లాస్టిక్‌ను అది పాడుచేస్తుంది కూడా. పనికి తగ్గ పనిముట్టు, చోటుకు తగ్గ బిగింపు. ఇవి పిల్లలకు మాటలతో ఎక్కవు, చేతికి తెలియాలి.

అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగింది డిఫరెన్షియల్ దగ్గర. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం తిరగాలి. రెండూ ఒకే ఇరుసుకు బిగుసుకుని ఉంటే టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. అందుకే మధ్యలో ఆ చిన్న గేర్ల గుంపు. గ్రీజు రాసి బిగించాక, షాఫ్టు కదలకుండా పట్టుకుని ఒక చక్రం ముందుకు తిప్పితే రెండోది వెనక్కి తిరిగింది. మా అమ్మాయి దాన్ని తిప్పుతూనే ఉంది, నిద్రకు పిలిచినా రాలేదు. ఆఫీసులో తెర మీద ఇలాంటి గేర్ల లెక్కలు చూసే మా వారు కూడా పక్కన కూర్చుని తిప్పి చూశారు. ఆ రాత్రే మా అబ్బాయి అడిగాడు: ‘అమ్మా, తాతయ్యకి ఇవన్నీ తెలుసా?’ ఆటోనగర్ షెడ్డు గురించి మొదటిసారి వివరంగా చెప్పాను. తెలుగులోనే చెప్పాను, వాడు తెలుగులోనే అడుగుతూ పోయాడు.

రంగు పలచగా పొరలు పొరలుగా, గ్యారేజీ తలుపు తీసిపెట్టి, మాస్కులు కట్టుకుని వేశాం.

ట్రెయిలర్ తగిలించే భాగం మాత్రం బిగించలేదు. వెనక ఫ్రేము ఖాళీగా ఉంచాం. ఛాసిస్, క్యాబిన్ మా వంతు, బాడీ తాతయ్య వంతు. ఈ ఆలోచన మా అమ్మాయిది. ఇచ్చేవాళ్లే అంతా పూర్తిచేసి ఇస్తే తీసుకునేవాళ్లు చూసి మెచ్చుకోవడమే మిగులుతుందని నాకు అప్పుడు తోచింది. మనం పెద్దవాళ్లను రప్పించుకుని సోఫాలో కూర్చోబెట్టేది కూడా అలాగే కదా. గుడి, నయాగరా, మాల్, మళ్లీ సోఫా.

నాన్నగారు వచ్చిన మర్నాడు లారీని చేతుల్లోకి తీసుకుని, తిరగేసి, కమాన్ కట్టలు వేలితో నొక్కి చూసి, ‘బాడీ ఏదమ్మా?’ అన్నారు. పిల్లలు ఆయన ముందు బాస్‌వుడ్ పలకలు పెట్టారు. లెక్కలు మనవడు వేశాడు: 14 అడుగుల బాడీ ఇక్కడ అడుగు, అంగుళం మందం పలక ఇక్కడ రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఉప్పుకాగితం చెక్క పీచు వెంటే రుద్దాలని, అడ్డంగా రుద్దితే గీతలు పడతాయని తాతయ్య మనవరాలి చెయ్యి పట్టుకుని చూపించారు. పక్కపలకల మీద ఆ పిల్ల తామరపూలు వేసింది, వెనక ‘హార్న్ ఓకే ప్లీజ్’ అని రాసింది. దసరాకు మన సంఘం ఆయుధపూజలో కారు తాళాల పక్కన ఆ లారీ కూడా కుంకుమబొట్టుతో కూర్చుంది. దాన్ని ఎవరు కట్టారని అడిగిన ప్రతివాళ్లకీ మా అబ్బాయి ఒకే జవాబు చెప్పాడు: ‘బాడీ మా తాతయ్య కట్టారు. ఆయన ఆటోనగర్‌లో వడ్రంగి.’

ఇంత ఖరీదైన కిట్టే అక్కర్లేదు. చిన్న చెక్క బండి అయినా, పాత కుట్టుమిషను బాగుచేయడమైనా, ఏదైనా చాలు. వచ్చే వేసవికి మీ అమ్మానాన్నలు వస్తున్నట్లయితే, వాళ్ల చేతికి తెలిసిన పని ఏదో కనుక్కుని, ఆ పనిముట్లు ముందే తెప్పించి పెట్టండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి.